మేనరికం కుదిరింది. ఇప్పుడు ఏ పరీక్ష చేయించాలి?

మేనరికం మాట ఎత్తగానే మన ఇళ్లలో రెండు జవాబులు సిద్ధంగా ఉంటాయి. పెద్దవాళ్లేమో "మా అమ్మానాన్నలదీ మేనరికమే, మేం నలుగురం గుండ్రాళ్లలా లేమా?" అంటారు. పిల్లలేమో "సైన్స్ వద్దంటోంది, అంతే" అంటారు. రెండింట్లోనూ కొంత నిజం ఉంది. కానీ ఎదురుగా కూర్చున్న అమ్మాయికీ, ఆమె మేనబావకూ ఏం చేయాలో ఈ రెండూ చెప్పవు.

మా అమ్మానాన్నలదే మేనమామ, మేనకోడలి పెళ్లి. చాలా ఏళ్లు జూనియర్ కాలేజీలో జువాలజీ చెప్పాను. అందుకే బంధువుల్లో ఎక్కడ మేనరికం కుదిరినా నాకు ఫోన్ వస్తుంది. వచ్చే ప్రశ్న దాదాపు ఒకటే: "ఏదో జెనెటిక్ టెస్ట్ ఉందట కదా పిన్నీ, అది చేయిస్తే సరిపోతుందా?" "అది" అనే ఒక్క టెస్ట్ ఏదీ లేదు. వెయ్యి రూపాయలకు అటూఇటూగా అయ్యేవి ఉన్నాయి, వేలల్లో అయ్యేవి ఉన్నాయి, లక్షల్లో అయ్యేవీ ఉన్నాయి. ఒకటి చూసేది ఇంకొకటి చూడదు. పైసా ఖర్చు లేని పరీక్ష కూడా ఒకటుంది. దాన్నే ఎవరూ చేయించుకోరు.

మనవాళ్లకు ఇది చిన్న విషయం కాదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కన దేశం మొత్తంమీద నూటికి 11 పెళ్లిళ్లు రక్తసంబంధీకుల మధ్య జరిగినవి. ఆంధ్రప్రదేశ్‌లోనైతే ప్రతి నాలుగు పెళ్లిళ్లలో దాదాపు ఒకటి.

దేన్ని బట్టి తేల్చుకోవాలి

పరీక్షల పేర్లకంటే ముందు నాలుగు సంగతులు చూసుకోవాలి. బంధుత్వం ఎంత దగ్గరిది? రెండు వైపులా ఇంట్లో ఇప్పటికే ఏదైనా జబ్బు ఉందా? మీరు ఏ దశలో ఉన్నారు: సంబంధం మాటల్లో ఉందా, పెళ్లయిపోయిందా, నెల తప్పిందా? నాలుగోది, అందరూ దాటేసేది: రిపోర్టులో ఏదైనా తేలితే మీరు ఏం చేయదలుచుకున్నారు? దీనికి ఇద్దరి మధ్యా జవాబు లేకుండా ఖరీదైన పరీక్షకు వెళ్తే చివరికి మిగిలేది టెన్షన్.

నా దృష్టిలో వీటిలో రెండోదే పెద్దది. మొదటిది అందరికీ కనపడుతుంది కాబట్టి అందరూ దాని గురించే మాట్లాడతారు.

బంధుత్వం: వరస వేరు, జన్యువు వేరు

| ఎవరెవరు | ఇద్దరి మధ్య ఉమ్మడి జన్యువులు, సగటున | పుట్టే బిడ్డలో ఒక జన్యువు రెండు ప్రతులూ ఒకే పూర్వీకుడి నుంచి వచ్చే అవకాశం |
|---|---|---|
| మేనమామ, మేనకోడలు | 4లో 1 వంతు | 8లో 1 |
| కుండమార్పిడి పెళ్లిళ్లు చేసుకున్న ఇద్దరు జంటల పిల్లలు | 4లో 1 వంతు | 8లో 1 |
| మేనత్త కొడుకు, మేనమామ కూతురు | 8లో 1 వంతు | 16లో 1 |
| తల్లికి మేనత్త కొడుకు అయ్యే వ్యక్తి, ఆమె కూతురు | 16లో 1 వంతు | 32లో 1 |
| తోబుట్టువులైన ఇద్దరి మనవడు, మనవరాలు | 32లో 1 వంతు | 64లో 1 |

రెండో వరుస చూశారా? మా ఇంటి అబ్బాయికి మీ అమ్మాయి, మీ అబ్బాయికి మా అమ్మాయి అని చేసుకున్న ఇళ్లలో పిల్లలకు మళ్లీ పెళ్లి చేస్తే, మామూలు మేనరికం అనుకుంటారు గానీ లెక్క మేనమామ, మేనకోడలితో సమానం. పైగా వధూవరుల తల్లిదండ్రులవి కూడా మేనరికాలే అయితే పట్టికలో ఉన్నదానికంటే అసలు అంకె ఇంకా పెద్దది.

ఇంకో సంగతి. చిన్నమ్మ కొడుకు, బాబాయి కూతురు అన్నాచెల్లెళ్ల వరస కాబట్టి పెళ్లి ఊసే ఉండదు. కానీ జన్యువుల లెక్కలో వాళ్లూ మేనత్త కొడుకూ ఒకటే. వరసలు మనం పెట్టుకున్నవి. "ఇంటిపేరు వేరు, గోత్రం వేరు, కాబట్టి ఫర్వాలేదు" అన్న మాట కూడా ఇందుకే నిలబడదు. గోత్రం తండ్రి నుంచి కొడుక్కి మాత్రమే నడుస్తుంది. మేనత్త పెళ్లయి వెళ్లిపోయింది కాబట్టి ఆమె కొడుకు ఇంటిపేరు ఎలాగూ వేరే.

మరి ప్రమాదం ఎంత? ఏ బంధుత్వమూ లేని దంపతులకు పుట్టే పిల్లల్లోనూ నూటికి ఇద్దరు ముగ్గురికి పుట్టుకతో చెప్పుకోదగ్గ లోపం ఉంటుంది. మేనత్త, మేనమామ పిల్లల మధ్య పెళ్లయితే దానికి అదనంగా మరో 1.7 నుంచి 2.8 శాతం కలుస్తుందని అమెరికాలోని జెనెటిక్ కౌన్సెలర్ల సంఘం 2002లో లెక్కగట్టింది. ఇంగ్లండ్‌లోని బ్రాడ్‌ఫర్డ్‌లో పాకిస్తానీ కుటుంబాలు ఎక్కువ. అక్కడ వేలమంది శిశువుల మీద జరిగిన అధ్యయనం 2013లో వెలువడింది. అందులోనూ అదే తేలింది: 3 శాతం ఉన్నది 6 శాతమైంది. అదే అధ్యయనంలో 34 ఏళ్లు దాటాక తల్లయిన తెల్లజాతి స్త్రీల పిల్లల్లోనూ ప్రమాదం ఇంచుమించు రెట్టింపుగా కనిపించింది. ముప్పై ఐదేళ్లకు తల్లి కాబోతున్న ఆమెను మనం భయపెట్టం. మేనరికం చేసుకున్న ఇరవై ఐదేళ్ల అమ్మాయిని మాత్రం ఊరంతా భయపెడుతుంది.

మేనమామ పెళ్లి విషయంలో మాత్రం నేను ఇంత తేలిగ్గా మాట్లాడను. బంధుత్వం రెట్టింపు దగ్గరిది, అదనపు ప్రమాదం కూడా దాదాపు రెట్టింపు ఉంటుందనే అనుకోవాలి. మా అమ్మానాన్నలు అలా చేసుకున్నారు, నాకేమీ కాలేదు. అది ఒక్క ఇంటి సంగతి, దాన్ని లెక్కగా పట్టుకుని ఇంకొకరికి సలహా ఇవ్వలేను.

మన ప్రాంతంలో ఈ లెక్కలు మొదలుపెట్టిన వాళ్లలో ఒకరు మనవారే. పిఠాపురానికి చెందిన ద్రోణంరాజు కృష్ణారావు, పేరున్న బ్రిటిష్ జన్యుశాస్త్రవేత్త జె.బి.ఎస్. హాల్డేన్ భారతదేశానికి వచ్చేశాక ఆయన దగ్గర పరిశోధన చేశారు. 1963లో మీరా ఖాన్ అనే మరో పరిశోధకుడితో కలిసి ఆంధ్రప్రదేశ్‌లో మేనరికాల మీద అధ్యయనం ప్రచురించారు. అంతకుముందు ఆయన చెవులమీద వెంట్రుకలు తండ్రి నుంచి కొడుకులకు ఎలా వస్తాయో వంశవృక్షాలు గీశారు. ఆ వెంట్రుకల సిద్ధాంతం తర్వాత నిలబడలేదనుకోండి. వంశవృక్షం గీసే పద్ధతి మాత్రం ఇప్పటికీ అదే.

తెలిసిన జబ్బు ఉంటే లెక్క మారిపోతుంది

పైన చెప్పిన అంకెలు ఇంట్లో ఏ జబ్బూ కనపడని వాళ్లకు. జబ్బు ఉన్న ఇంట్లో వాటితో పని లేదు.

మేనరికంలో ఎక్కువయ్యేవి ప్రధానంగా ఒక రకం జబ్బులు. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, ఒకే జన్యువు తాలూకు చెడిన ప్రతులు రెండూ కలిస్తేనే జబ్బు వస్తుంది. ఒక్కటే ఉన్నవాళ్లను క్యారియర్ అంటారు. వాళ్లు ఆరోగ్యంగానే ఉంటారు. ఇలాంటి తీవ్రమైన చెడు ప్రతి ఒకటో రెండో మనందరిలోనూ ఉంటుంది. భార్యాభర్తలిద్దరిలోనూ అదే జన్యువు చెడి ఉంటే ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు ప్రమాదం. మొదటి బిడ్డకు వచ్చింది కాబట్టి తర్వాతి ముగ్గురికీ రాదని కొందరు అనుకుంటారు. అలా కాదు, ప్రతిసారీ అదే పావు వంతు.

ఒక ఉదాహరణ. అమ్మాయి అన్నకు తలసీమియా మేజర్ (ఒంట్లో హీమోగ్లోబిన్ సరిగా తయారవని జబ్బు), నెలనెలా రక్తం ఎక్కిస్తున్నారు. అంటే అమ్మానాన్నలిద్దరూ క్యారియర్లే. అమ్మాయికి జబ్బు లేదు కాబట్టి ఆమె క్యారియర్ అయ్యే అవకాశం మూడింట రెండు వంతులు. ఇప్పుడు ముగ్గురు వరులను చూద్దాం.

| వరుడు | అతను క్యారియర్ అయ్యే అవకాశం | బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం |
|---|---|---|
| సొంత మేనమామ | 2లో 1 | 12లో 1 |
| మేనత్త కొడుకు | 4లో 1 | 24లో 1 |
| బయటివాడు | సుమారు 30లో 1 | సుమారు 180లో 1 |

ఇవి ఇద్దరికీ పరీక్ష చేయించకముందు లెక్కలు. ఒక్క రక్తపరీక్షతో మేనబావ క్యారియర్ కాదని తేలితే ఆ 24లో 1 దాదాపు సున్నా అవుతుంది. ఇద్దరూ క్యారియర్లని తేలితే నేరుగా 4లో 1 అవుతుంది. బయటి సంబంధంలోనూ అంతే: పెళ్లికొడుకు ఎవరో ఊరివాడు, కానీ అతనూ తలసీమియా క్యారియరే అయితే మేనరికం మానేసి ఏం లాభం? జబ్బు ఎంత అరుదైనదైతే బంధుత్వం ప్రభావం అంత ఎక్కువ. తలసీమియా లాంటి సాధారణమైనదైతే బయట కూడా క్యారియర్లు దొరుకుతారు.

అన్ని జబ్బులకూ ఈ లెక్క పనికిరాదు. హీమోఫీలియా, డుషేన్ కండరాల క్షీణత లాంటివి సాధారణంగా తల్లి వైపు నుంచి కొడుకులకు వస్తాయి. అందులో మేనబావను చేసుకున్నా, మానుకున్నా పెద్ద తేడా ఉండదు. డౌన్ సిండ్రోమ్‌కు తల్లి వయసే ముఖ్యం.

"బయటి సంబంధం" ఎంత బయటిది?

మేనరికం వద్దనుకుని అదే కులంలో, నాలుగు జిల్లాల అవతల సంబంధం చూసుకుంటారు. ప్రమాదం తగ్గుతుంది, సందేహం లేదు. కానీ పూర్తిగా పోదు. హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ శాస్త్రవేత్తలూ, విదేశీ పరిశోధకులూ కలిసి దక్షిణాసియాలో 260కి పైగా సమూహాలను పరిశీలించి 2017లో ఫలితాలు ప్రచురించారు. వాటిలో 81 సమూహాలు కొద్దిమంది పూర్వీకుల నుంచే పెరిగి, తరతరాలుగా తమలో తామే పెళ్లిళ్లు చేసుకుంటూ వచ్చాయని తేలింది. అలా వచ్చిన సమూహంలో ఇద్దరు "బయటివాళ్లు" కూడా ఎంతో కొంత బంధువులే.

వైశ్యులలో కనిపించే ఒక ఎంజైము లోపం దీనికి బాగా తెలిసిన ఉదాహరణ. మామూలు రోజుల్లో ఏమీ కాదు. ఆపరేషన్ టేబుల్ మీద కండరాలు సడలించడానికి సక్సినైల్‌కోలిన్ ఇచ్చినప్పుడు మాత్రం ఆ ప్రభావం నిమిషాల్లో తగ్గకుండా గంటల తరబడి ఉండిపోవచ్చు. ఇంట్లో ఎవరికైనా మత్తు నుంచి తేరుకోవడం అలా ఆలస్యమైతే మత్తు డాక్టరుకు ముందే చెప్పాలి. మేనరికమా కాదా అన్నదానితో పని లేదు.

ఆదిలాబాద్, భద్రాచలం, పాడేరు ఏజెన్సీల్లోని గిరిజన కుటుంబాల్లో సికిల్ సెల్ (ఎర్ర రక్తకణాలు కొడవలిలా వంగిపోయే జబ్బు) ఎక్కువ. 2023 జులైలో కేంద్రం మొదలుపెట్టిన సికిల్ సెల్ నిర్మూలన మిషన్ కింద 40 ఏళ్ల లోపు వాళ్లకు పరీక్ష చేసి కార్డు ఇస్తున్నారు. ఆ ప్రాంతంవాళ్లయితే బంధుత్వం ఉన్నా లేకున్నా పెళ్లికి ముందు రెండు కార్డులూ పక్కపక్కన పెట్టి చూసుకోవాలి.

పరీక్షలు ఒక్కొక్కటిగా

*మూడు తరాల కాగితం.* ఖర్చు లేని పరీక్ష ఇదే. ఒక తెల్లకాగితం మీద మగవాళ్లకు చతురస్రం, ఆడవాళ్లకు సున్నా, బంధువుల పెళ్లికి రెండు గీతలు. అమ్మమ్మను, నాయనమ్మను కూర్చోబెట్టి అడగాలి. ఎలా అడుగుతామన్నదే ముఖ్యం. "మన వంశంలో జన్యు వ్యాధులున్నాయా?" అంటే "ఛ, మన ఇంట్లో అలాంటివేం లేవు" అంటారు. "నీకు ఎన్ని కాన్పులు? ఎందరు దక్కారు? పోయినవాళ్లు ఏ వయసులో పోయారు, ఎలా పోయారు?" అంటే కథ మొదలవుతుంది. మా అమ్మమ్మ "దిష్టి తగిలి పోయాడు" అన్న పిల్లాడు ఆరు నెలలకు తల నిలపలేదని నాకు తెలియడానికి ఒక మధ్యాహ్నం పట్టింది. బాలగ్రహం, గాలి, దిష్టి అనే మాటల వెనక ఫిట్స్ ఉండొచ్చు, కండరాల బలహీనత ఉండొచ్చు, రక్తహీనత ఉండొచ్చు. పుట్టు చెవుడు, పుట్టు గుడ్డితనం, బుద్ధిమాంద్యం, వరుస గర్భస్రావాలు, పసికందుల మరణాలు, తరచూ రక్తం ఎక్కించడం: ఈ ఆరింటిలో ఏది ఉన్నా ఆ కాగితం పట్టుకుని మెడికల్ జెనెటిక్స్ డాక్టరు దగ్గరికి వెళ్లాలి. హైదరాబాద్‌లో నిమ్స్‌లో ఆ విభాగం ఉంది. ఉప్పల్‌లోని సీడీఎఫ్‌డీ జన్యు పరీక్షలకు పేరున్న కేంద్ర సంస్థ. బేగంపేట వైపు ఉస్మానియా విశ్వవిద్యాలయానికి చెందిన జన్యు వ్యాధుల ఆసుపత్రి ఉంది.

*సీబీపీ, హెచ్‌పీఎల్‌సీ.* సీబీపీ అంటే రక్తకణాల లెక్క, హెచ్‌పీఎల్‌సీ అంటే రక్తంలో ఏ రకం హీమోగ్లోబిన్ ఎంతుందో విడదీసి చూసేది. తలసీమియా, సికిల్ సెల్ క్యారియర్లను పట్టేది ఇదే. మేనరికమైనా కాకున్నా పెళ్లి చేసుకోబోయే ప్రతి జంటా చేయించాల్సిందని నా గట్టి అభిప్రాయం. దేశంలో నూటికి ముగ్గురు నలుగురు తలసీమియా క్యారియర్లు. వాళ్లలో చాలామందికి ఆ సంగతే తెలియదు. రిపోర్టులో హీమోగ్లోబిన్ ఏ2 3.5 శాతం దాటితే అనుమానించాలి. మూడు జాగ్రత్తలు: ఐరన్ బాగా తక్కువగా ఉంటే ఏ2 తగ్గి క్యారియర్ దాగిపోవచ్చు, గత మూడు నెలల్లో రక్తం ఎక్కించుకుని ఉంటే ఫలితం నమ్మలేం, సీబీపీ మామూలుగా ఉన్నంత మాత్రాన సికిల్ క్యారియర్ కాదని చెప్పలేం. అందుకే రెండూ కలిపి చేయించాలి. తలసీమియా విషయంలో హైదరాబాద్‌లోని తలసీమియా అండ్ సికిల్ సెల్ సొసైటీ 1998 నుంచి పనిచేస్తోంది.

*కార్యోటైప్, ఎన్ఐపీటీ.* వీటి పేరు మేనరికం దగ్గర తరచూ వినపడుతుంది గానీ, మేనరికంలో మనం భయపడేదాన్ని ఇవి చూడవు. కార్యోటైప్ క్రోమోజోముల సంఖ్య, ఆకారం చూస్తుంది. ఎన్ఐపీటీ గర్భిణి రక్తంలో తిరిగే పిండం డీఎన్‌ఏను చూసే పరీక్ష, ప్రధానంగా డౌన్ లాంటి క్రోమోజోముల తేడాల కోసం. వరుస గర్భస్రావాలుంటే కార్యోటైప్ అవసరమే. మా అక్క కోడలికి ఒక ల్యాబ్‌లో "మేనరికం ప్యాకేజీ" అని చెప్పి దంపతులిద్దరికీ కార్యోటైప్ చేసి పంపారు. రిపోర్టు నార్మల్. ఇంటిల్లిపాదీ స్వీట్లు పంచుకున్నారు. హెచ్‌పీఎల్‌సీ మాత్రం చేయలేదు.

*క్యారియర్ ప్యానెల్, ఎగ్జోమ్.* వందల జన్యువులను ఒకేసారి చదివేది ప్యానెల్, దాదాపు అన్ని జన్యువులనూ చదివేది ఎగ్జోమ్. వేలల్లో ఖర్చు, ఫలితానికి కొన్ని వారాలు. 2021లో అమెరికాలోని మెడికల్ జెనెటిక్స్ నిపుణుల సంఘం తన సూచనల్లో, తోబుట్టువుల మనవలంత దూరపు బంధువులైనా సరే, ఆ దంపతులకు ఇంకా విస్తృతమైన ప్యానెల్ ఇవ్వాలంది. మేనరికంలో దీని అసలు బలం ఇద్దరి రిపోర్టులూ కలిపి చదవడంలో ఉంది. ఒక్కరికే చేయిస్తే ఏదో ఒకటి తేలుతుంది, మనందరిలోనూ ఏదో ఒకటి ఉంటుంది కదా. అది రెండోవారిలోనూ ఉందా అన్నదే ప్రశ్న. బలహీనత ఏమిటంటే, "అర్థం స్పష్టంగా లేని మార్పు" అనే వాక్యం రిపోర్టులో రావచ్చు. మనవాళ్ల జన్యువుల సమాచారం ప్రపంచ డేటాబేసుల్లో తక్కువ కాబట్టి అలాంటివి మనకు కాస్త ఎక్కువే వస్తాయి. ఆ వాక్యం చూసి పెళ్లి ఆపేయకూడదు. దాన్ని చదివి చెప్పే కౌన్సెలర్ లేని చోట ఈ పరీక్ష చేయించుకోవద్దు. ఏమీ తేలకపోతే ప్రమాదం తగ్గినట్టు, పోయినట్టు కాదు.

*గర్భంలో చేసేవి.* పదకొండు నుంచి పద్నాలుగు వారాల మధ్య పిండం మెడ వెనక నీటిని కొలిచే ఎన్‌టీ స్కాన్, 18–20 వారాల్లో టిఫా స్కాన్. గుండె, వెన్ను, మెదడు ఆకారంలో లోపాలుంటే టిఫాలో చాలావరకు కనిపిస్తాయి. తలసీమియా కనిపించదు, చెవుడు కనిపించదు. ఫలానా మార్పు ఇద్దరిలో ఉందని ముందే తెలిస్తే 11వ వారం తర్వాత మాయ నుంచి చిన్న ముక్క తీసి, లేదా 15–16 వారాల తర్వాత ఉమ్మనీరు తీసి చూడొచ్చు. అనుభవమున్న చేతుల్లో గర్భం పోయే ప్రమాదం నూటికి ఒకటి కంటే తక్కువ. కానీ ఏం వెతకాలో తెలియకుండా సూది దించి ప్రయోజనం లేదు. ఆ తెలుసుకోవడానికి ముందుగా దంపతుల పరీక్షకే వారాలు పడతాయి. నాలుగో నెలలో పరిగెత్తుకుంటూ వచ్చేవాళ్లకు గడియారమే శత్రువు. పిండంలో లోపాల విషయంలో గర్భస్రావ చట్టం 2021లో సడలింది. 24 వారాలు దాటాక గర్భం తీయించుకోవాలంటే మెడికల్ బోర్డు ముందుకు వెళ్లాలి.

*పీజీటీ-ఎం.* ఐవీఎఫ్ చేసి, పిండాల్లో తెలిసిన మార్పు లేనిదాన్ని ఎంచి గర్భంలో పెడతారు. ఇది లక్షల వ్యవహారం, ఒక్కసారికే ఫలిస్తుందన్న హామీ లేదు. గర్భం తీయించుకోవడానికి మనసు ఒప్పని దంపతులకు, ఒక బిడ్డను ఇప్పటికే పోగొట్టుకున్నవాళ్లకు తప్ప నేను దీని పేరు ముందుగా ఎత్తను.

| పరీక్ష | ఎప్పుడు | ఖర్చు | ఏం చెప్పదు |
|---|---|---|---|
| మూడు తరాల కాగితం | ఇవాళే | లేదు | ఎప్పుడూ బయటపడని జబ్బులు |
| సీబీపీ, హెచ్‌పీఎల్‌సీ | పెళ్లికి ముందు | వెయ్యికి అటూఇటూ | హీమోగ్లోబిన్ జబ్బులు తప్ప మిగతావి |
| ఇద్దరికీ క్యారియర్ ప్యానెల్ | గర్భానికి ముందు | వేలల్లో | ప్యానెల్‌లో లేని జన్యువులు |
| టిఫా స్కాన్ | 18–20 వారాలు | కొన్ని వేలు | రక్తం, వినికిడి, బుద్ధికి సంబంధించినవి |
| మాయ ముక్క, ఉమ్మనీరు | 11 వారాల తర్వాత | వేలల్లో | ముందే తెలియని మార్పు |
| పీజీటీ-ఎం | గర్భానికి ముందు | లక్షల్లో | ముందే తెలియని మార్పు |

మీరు ఎవరన్నదాన్ని బట్టి

సంబంధం ఇంకా మాటల్లోనే ఉంటే కాగితం గీయండి, ఇద్దరికీ ఒకేరోజు హెచ్‌పీఎల్‌సీ చేయించండి. "ఒకేరోజు" అని నొక్కి చెబుతున్నాను. అమ్మాయికి ముందు చేయించి, "క్యారియర్ అట" అన్న మాట బంధువుల వాట్సాప్ గ్రూపులో పడితే, ఆ తర్వాత వచ్చే ప్రతి సంబంధంలోనూ ఆ మాట ముందు నడుస్తుంది. క్యారియర్ అంటే రోగి కాదు. క్యారియర్ కానివాడిని చేసుకుంటే పిల్లలకు ఆ జబ్బు రాదు, అంతే. రిపోర్టులు వధూవరుల చేతికి రావాలి, పెళ్లిళ్ల పేరయ్య చేతికి కాదు. కాగితంలో ఏమీ లేక, హెచ్‌పీఎల్‌సీ బాగుండి, మేనత్త కొడుకైతే, ఇక డబ్బు ఖర్చు పెట్టలేని ఇల్లు ఇక్కడితో ఆగినా నేను తప్పు పట్టను. మేనమామ అయినా, కుండమార్పిడి పిల్లలైనా, తల్లిదండ్రులవీ మేనరికాలే అయినా క్యారియర్ ప్యానెల్ దాకా వెళ్లమంటాను.

పెళ్లయి, గర్భం ఇంకా రాని దంపతులకు ఇదే మంచి సమయం. ఫలితం కోసం ఆగడానికి వ్యవధి ఉంది, గర్భంలో వారాల లెక్క లేదు. ఇంట్లో ఎవరికైనా పుట్టు చెవుడు ఉంటే దాన్ని తక్కువ చేసి చూడకండి. మన దేశంలో పుట్టు చెవుడుకు తరచూ కారణమయ్యే కనెక్సిన్ జన్యువులోని ఒక మార్పు తేలిగ్గా పట్టుబడుతుంది.

ఇప్పటికే నెల తప్పి ఉంటే, సమయం తక్కువ. ఇద్దరికీ హెచ్‌పీఎల్‌సీ ఈ వారంలోనే అయిపోవాలి, భార్యకు చేసి ఫలితాన్ని బట్టి భర్తకు అని రెండు విడతలుగా కాదు. మిగతాది స్కాన్లకు వదిలి, బిడ్డ పుట్టాక మడమ నుంచి రక్తం తీసి చేసే నవజాత పరీక్ష, వినికిడి పరీక్ష మాత్రం మానకండి. వినికిడి మొదటి నెలలో చూసి, మూడో నెలకల్లా నిర్ధారించి, ఆరో నెలకల్లా చికిత్స మొదలుపెడితే మాట వచ్చే అవకాశం బాగా ఎక్కువ.

విదేశాల్లో స్థిరపడబోయేవాళ్లకు ఇంకో కోణం ఉంది. మన హిందూ వివాహ చట్టం మేనమామ, మేనకోడళ్ల పెళ్లినీ, మేనత్త, మేనమామ పిల్లల పెళ్లినీ ఆచారం ఉన్నచోట అనుమతిస్తుంది. అమెరికాలో చాలా రాష్ట్రాల్లో మేనత్త, మేనమామ పిల్లల పెళ్లి నిషిద్ధం. ఇంగ్లండ్‌లో అది చెల్లుతుంది గానీ మేనమామ పెళ్లి అక్కడ చేసుకోలేరు. వీసా కాగితాల దగ్గర మీరు వెళ్లే రాష్ట్రం, దేశం సంగతి ముందే లాయరును అడగండి.

ఇక, ఒక బిడ్డను పోగొట్టుకున్నవాళ్లు, లేదా జబ్బుతో ఉన్న బిడ్డ ఇంట్లో ఉన్నవాళ్లు. వీళ్లకు పైన చెప్పిన వరుస తలకిందులవుతుంది. ముందు దంపతులకు కాదు, ఆ బిడ్డకే పరీక్ష. బిడ్డలో ఏ మార్పు ఉందో తెలిస్తే ఆ ఒక్కదాన్నే తల్లిదండ్రుల్లోనూ, తర్వాతి గర్భంలోనూ కచ్చితంగా చూడొచ్చు, ఖర్చు కూడా తగ్గుతుంది. బిడ్డ లేక, బిడ్డ రక్తమూ దాచి ఉంచకపోతే దంపతుల ఎగ్జోమ్‌లో గాలించి ఊహించుకోవాలి. అందుకే, ఐసీయూలో బిడ్డ పరిస్థితి విషమంగా ఉందని, కారణం తెలియడం లేదని డాక్టరు చెప్పినప్పుడు, ఆ క్షణంలో అడగడం ఎంత కష్టమో తెలిసీ చెబుతున్నాను: ఊదారంగు మూత ఉన్న ఈడీటీఏ గొట్టంలో రెండు మిల్లీలీటర్ల రక్తం తీయించి, డీఎన్‌ఏ భద్రపరచమని అడగండి. తల్లి ఆ మాట అనలేని స్థితిలో ఉంటుంది. మేనమామో, బాబాయో అడగాలి. గొట్టం మీద బిడ్డ పేరు, తల్లి పేరు, తేదీ ఉన్నాయో లేదో అక్కడే నిలబడి చూసుకోండి.